సీసా మూత తీయాలంటే పదిమంది

నేను టీకాల పెట్టెను. వరంగల్ జిల్లాలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నా ఇల్లు. నీలం ఒళ్లు, భుజానికి తగిలించుకునే పట్టీ, కడుపులో నాలుగు ఐస్ ప్యాకులు. ఫ్రీజర్‌లోంచి తీసిన ప్యాకును సిస్టర్ వెంటనే నాలో పెట్టదు. చెమట పట్టేదాకా బల్ల మీద ఉంచి, చెవి దగ్గర పెట్టుకుని ఊపుతుంది. లోపల నీళ్లు గలగలమంటేనే పెడుతుంది. మరీ గడ్డకట్టిన ప్యాకు తగిలితే మందు చెడిపోతుంది. ఎండకైనా అంతే.

పోలియో చుక్కలు మోసిన రోజుల్లో నన్ను చూసి పిల్లలు ఎదురొచ్చేవారు. కరోనా టీకాతో పోతే తలుపులు మూసుకున్నారు.

మొదట్లో అలా లేదు. 2021 జనవరి 16న టీకాలు మొదలయ్యాయి. ఏప్రిల్‌లో రెండో వేవ్ విరుచుకుపడేసరికి జనం తెల్లారకముందే వరుస కట్టారు. తీరా మేలో సరుకు లేక రాష్ట్రంలో టీకాలు కొన్నాళ్లు ఆగిపోయాయి. అడిగినప్పుడు ఖాళీగా ఉన్నాను. సెప్టెంబర్‌లో నిండుగా వాడవాడకూ తిరిగితే, వద్దుపొమ్మన్నారు. అలిగిన వాళ్లదే తప్పని నేననను.

కొవిషీల్డ్ సీసాలో పది డోసులు. ఒకసారి తెరిస్తే నాలుగు గంటల్లో అయిపోవాలి, మిగిలింది పారబోయాలి. అందుకే సిస్టర్ పదిమంది పోగయ్యేదాకా చూసేది. ఏడుగురు అరుగు మీద కూర్చుంటే, ముగ్గురి కోసం మా ఆశా కార్యకర్త, ఆశక్క, వాడంతా తిరిగేది. వాళ్లను తెచ్చేలోపు కూర్చున్నవాళ్లలో ఇద్దరు లేచిపోయేవారు.

"ఏస్కున్నోళ్లు రెండేండ్లల్ల సస్తరట, ఫోన్ల వచ్చింది" అన్నాడు డిగ్రీ చదివిన ఒక కుర్రాడు. ఫ్రాన్స్‌కు చెందిన నోబెల్ శాస్త్రవేత్త పేరు తగిలించి దేశమంతా తిప్పిన అబద్ధమది. కేంద్రం మేలోనే ఖండించింది. ఖండన ఆ ఫోన్‌దాకా రాలేదు. సూది వేసుకుంటే కల్లు మానాలని ఒకరు, పిల్లలు పుట్టరని ఇంకొకరు. ఇవన్నీ పైపై మాటలని నాకు తెలుసు. అసలు మాట ఒక ముసలావిడ అన్నది. చదువు రాదు, ఫోన్ లేదు.

"పత్తి ఏరుడు నడుస్తాంది బిడ్డా. జరమొస్తే రెండు దినాల కూలి వోతది. ఎవలిస్తరు?"

సిస్టర్ దగ్గర కూలి డబ్బులు లేవు. ఉపన్యాసమూ ఇవ్వలేదు. "పనికాడికెళ్లి వచ్చినంక, మాపటేళ ఏస్కో అవ్వా. నేనుంట. ఇగో జరం గోళీలు. ఎల్లుండి మల్లొచ్చి సూస్త" అంది. మాపటికి అవ్వ వచ్చింది, కోడలినీ తోలుకొచ్చింది. ఎల్లుండి సిస్టర్ నిజంగానే వెళ్లింది. ఆ తర్వాత ఆ వాడలో పదిమంది కోసం వెతుక్కోవాల్సిన పని పెద్దగా పడలేదు.

భయపెట్టడం కూడా చూశాను. మాస్కు లేకుంటే వెయ్యి రూపాయల జరిమానా అన్నారు. జీపు కనపడితే గడ్డం కింది మాస్కు ముక్కు మీదికెక్కేది, జీపు మలుపు తిరిగితే దిగేది. టీకా లేకుంటే రేషన్, పింఛన్ బంద్ అని అక్టోబర్‌లో ఒక వార్త గుప్పుమంది. అది ఉత్తదేనని ప్రజారోగ్య శాఖే చెప్పాల్సి వచ్చింది. ఆ వార్త విని పరుగెత్తుకొచ్చినవాళ్లు చేయి చాపారు గానీ మొహం తిప్పుకున్నారు. రెండో డోసుకు వాళ్లను పిలవడానికి ఆశక్కకు తల ప్రాణం తోకకొచ్చింది.

డిసెంబర్ చివర్లో తెలంగాణ తొలి డోసు వంద శాతం దాటిందని ప్రకటించారు. లెక్క ప్రకారం అర్హులు 2.77 కోట్ల మంది. ఆ లెక్కలో జరిమానాలకూ పుకార్లకూ ఎంత వాటా ఉందో గానీ, ఆశక్క చెప్పులకు ఉన్నంత లేదన్నది నా అభిప్రాయం. ఎవరూ నన్నడగలేదు, నేనే చెబుతున్నాను.

ఇప్పుడు బుధ, శనివారాలు పిల్లల టీకాలకు వెళ్తున్నాను. మీజిల్స్-రూబెల్లా మందు కలిపాక అదీ నాలుగు గంటలే ఆగుతుంది. పిల్లకు జ్వరమొస్తుందేమో, పని పోతుందేమో అని అనుమానముంటే వచ్చి సిస్టర్‌నే అడగండి. ఇంట్లో కూర్చుని ఫోన్‌ను అడగకండి.