విజ్ఞానయాత్ర కన్వీనరు గారు

ఊళ్ళో సేవా క్లబ్బు అన్నాక ప్రెసిడెంటు ఏటేటా మారతారు. విజ్ఞానయాత్ర కన్వీనరు మాత్రం మారరు. ఆయనకు బజార్లో ఎరువుల కొట్టు ఉంటుంది, మెడలో విజిల్ ఉంటుంది, సర్కారు బడి పిల్లలకు నాగార్జునసాగర్ చూపించాలన్న తపన ఉంటుంది. తపన నిజమైనదే. తంటా అంతా ఏర్పాట్లతోనే.

బస్సు మాట్లాడకముందే ఫ్లెక్సీ తయారవుతుంది. అందులో దాతల బొమ్మలు 14, డ్యామ్ బొమ్మ ఒకటి, అదీ ఓ మూల. తల్లిదండ్రుల సంతకాల సంగతి హెడ్మాస్టరు చూసుకుంటారు, పులిహోర పొట్లాలు మహిళా సభ్యులు చూసుకుంటారు. కన్వీనరు గారు జెండా ఊపే ముఖ్య అతిథిని చూసుకుంటారు. ఆ అతిథి స్నానం, టిఫిను ముగించి వచ్చేసరికి ఆరింటి బస్సు ఎనిమిదిన్నరకు కదులుతుంది.

దారి పొడుగునా ఆయన పని తలలు లెక్కపెట్టడం. టీకి ఆగితే లెక్క, టైరు చూస్తే లెక్క. "అయ్యో, ఒకరు తగ్గారు!" అని విజిల్ ఊదితే, "మిమ్మల్ని మీరు లెక్కేసుకోలేదు సార్" అంటుంది ఆరో తరగతి పిల్ల. పరమానందయ్య శిష్యుల నాటి గణితం మరి!

డ్యామ్ రాగానే పిల్లల్ని దానికి వీపు పెట్టి నిలబెడతారు, ఫొటో కోసం. మైకందుకుని, "1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. గేట్లు 26. రాసుకోండి!" అంటారు. పిల్లలు తల దించి రాసుకుంటారు.

"సార్, ఇంత డ్యామ్ రాళ్ళతో ఎందుకు కట్టారు?" అని ఒకడు అడుగుతాడు.

"మంచి ప్రశ్న. కూర్చో."

పక్కనే పల్లీలమ్మే ముసలాయన అందుకుంటాడు. "అప్పట్లో సిమెంటుకు కరువురా బాబూ, కూలిచేతులకు కాదు. మా నాన్న ఇక్కడే రాళ్ళు మోశాడు." పిల్లలంతా ఆయన చుట్టూ మూగుతారు. విజిల్ మోగుతుంది. "టైమైపోతోంది, పదండి!"

నాగార్జునకొండ దీవికి లాంచీ అప్పటికే వెళ్ళిపోయింది. ఒడ్డునే నిలబడి ఆయన చెయ్యి చాపుతారు. "ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఈ నీళ్ళ కిందే ఉంది. అక్కడ దొరికినవాటిలో చాలా అదిగో, ఆ దీవిలో మ్యూజియంలో పెట్టారు." పిల్లలు కళ్ళు చికిలించి నీళ్ళు చూసి వస్తారు.

మర్నాడు పేపర్లో వార్త: "మ్యూజియం తిలకించి పరవశించిన విద్యార్థులు."

"మనం దీవికి వెళ్ళలేదు కదండీ?" అంటారు హెడ్మాస్టరు.

"ప్రెస్‌నోటు ముందురోజే ఇచ్చేశాను మాస్టారూ. పిల్లలు పెద్దయ్యాకైనా చూస్తారు, పేపరువాళ్ళు ఆగరు కదా!"