కొలువుకు ముందే వీడ్కోలు

పీహెచ్‌డీ అయ్యాక ఏముంది? ప్రాజెక్టులో రీసెర్చ్ అసోసియేట్ పోస్టుంది! కావలసినవి: డాక్టరేట్, పేరున్న జర్నళ్లలో పేపర్లు, లేజర్ నుంచి మెషీన్ లెర్నింగ్ దాకా అన్నీ తెలిసిన బుర్ర. ఇచ్చేది: 2023 సవరణ ప్రకారం నెలకు 58 వేల నుంచి 67 వేలు, పైన ఇంటద్దె భత్యం. అదీ నిధులు ‘విడుదలైనప్పుడు’! ఇంటర్వ్యూకు సొంత ఖర్చుతో రావాలి. టీఏ, డీఏల ఊసెత్తరాదు. ప్రాజెక్టు ముగిస్తే కొలువూ సరి. పర్మినెంట్ చేయమని అడిగే హక్కు లేదని ప్రకటనలోనే రాసేస్తారు, శుభలేఖ మీదే విడాకుల తేదీ అచ్చేసినట్టు! అవతల అధ్యాపక పోస్టులేమో ఏళ్ల తరబడి ఖాళీ. ఏమయ్యా అంటే ‘అర్హులు దొరకడం లేదు’ అంటారు. ఎలా దొరుకుతారు సార్? వాళ్లంతా మీ వరండాలోనే వాకిన్ ఇంటర్వ్యూ క్యూలో ఉన్నారు!