గరిటె ఎంత లోతు?

చిన్నప్పుడు గురుకులంలో నేను పదిహేడు రోజులు ఆహార మంత్రిగా పనిచేశాను. ఈ మాటంటే జనం నవ్వుతారు. కానీ ఆ పదిహేడు రోజుల్లో లంచం తిన్నాను, బంధుప్రీతి చూపాను, అవిశ్వాస తీర్మానంలో పడిపోయాను. అసలు మంత్రికి నేనెందులో తీసిపోయానో నవ్వేవాళ్ళే చెప్పాలి.

మాది వింజమూరు. అటు ఉదయగిరి, ఇటు ఆత్మకూరు, నడుమ మేము. నెల్లూరంటే మొలకొలుకుల బియ్యమే గుర్తొచ్చేవాళ్ళకు మా మెట్ట గురించి చెప్పినా నమ్మరు. మావైపు వాన హాజరుపట్టీలో సంతకం పెట్టి వెళ్ళిపోయే రకం. అందుకని మెట్టలో పిల్లాడు కాస్త లెక్కలు చేస్తున్నాడంటే చాలు, ఇంట్లో గురుకులం మాట మొదలయ్యేది. పి.వి.నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకులం పెట్టారు. మరుసటేడు తాడికొండ, కొడిగెనహళ్ళి వచ్చాయి. ఆ వరసలో తర్వాతెప్పుడో వచ్చిన ఒకదాంట్లో నాకు సీటొచ్చింది. పేరెందుకులెండి, అన్నం పెట్టిన చోటు. మా నాయన నన్నూ ట్రంకుపెట్టెనూ అక్కడ దించి, "బాగా చదువుకో అబ్బయా" అని నా ముఖం వంక చూడకుండానే బస్సెక్కేశాడు.

చాలా ఏళ్ళకు మా బాబాయి కొడుక్కి మర్రిపాడు మండలం కృష్ణాపురం నవోదయలో సీటొచ్చింది. నవోదయల్లో హౌసుల పేర్లు నాలుగు: ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి. వాణ్ణి ఉదయగిరి హౌసులో వేశారని తెలియగానే పెదనాన్న, "చూశారా, ఢిల్లీవోళ్ళక్కూడా మన దుర్గం తెలుసు" అని సెంటర్లో నలుగురికీ టీలు పోయించాడు. దేశంలో ఏ మూల నవోదయకెళ్ళినా ఆ పేరే ఉంటుందని ఆయనకు చెప్పే ధైర్యం ఎవరికీ చాల్లేదు.

మాకు హౌసులు లేవు. ఏకంగా ప్రభుత్వమే ఉండేది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా సోషల్ సారుకు పౌరశాస్త్రం పాఠం చేసి చూపించాలన్న కోరిక పుట్టింది. క్రమశిక్షణ మంత్రికి విజిల్, పారిశుద్ధ్య మంత్రికి చీపురు, ఆరోగ్య మంత్రికి టించరు సీసా ఇచ్చారు. అధికారం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. అది వంటమాస్టరు చేతిలో ఉండేది. ఇనప కాడ, మూరెడు పొడవు.

ఎండాకాలం మా పెన్నలో ఇసక పైనుంటుంది, నీళ్ళు అడుగున. మా సాంబారు గుండిగలో నీళ్ళు పైన, సరుకు అడుగున. వంటమాస్టరు గరిటె పైపైన ముంచితే నీళ్ళు, అడుగుదాకా దించితే ములక్కాడ. ఎవడికి ఎంత లోతు అన్నది ఆయన మణికట్టు తేల్చేది. నేను ఆ లోతు మీదే పోటీ చేశాను. ఉదయగిరిలో చెక్కతో గరిటెలూ చెంచాలూ చెక్కుతారు. హాస్టల్లో పనికొస్తుందని అమ్మ ఒక పెద్ద గరిటె ట్రంకులో పడేసింది. ఏ పనికో ఆమెకూ తెలీదు, నాకూ తెలీదు. అదే నా ఎన్నికల గుర్తయింది. "అందరికీ ఒకే గరిటె, అందరికీ ఒకే లోతు" అని డార్మిటరీలన్నీ తిరిగాను. చీటీలు ఖాళీ నూనె డబ్బాలో వేశారు. జిడ్డోడుతూ గెలిచాను.

మాట ప్రకారం మొదటి రోజే వడ్డనకు ఉదయగిరి గరిటె దించాను. దించానన్నానే గానీ అది దిగలేదు. చెక్క కదా, తేలింది. నొక్కిపెట్టి ముంచినా దాని గుంట లోతు అంతంతే. వారం రోజులపాటు మా బడిలో సంపూర్ణ సమానత్వం వర్ధిల్లింది. అందరికీ సమానంగా నీళ్ళే. అడుగునున్న ములక్కాడలు గుండిగతోపాటే వంటింట్లోకి తిరిగిపోయేవి. వంటమాస్టరు మొదటిసారి నన్ను చూసి నవ్వాడు.

ఎనిమిదో రోజు మళ్ళీ ఇనప గరిటె పట్టాను. ఈసారి నా చేత్తోనే. లైన్లో మా మెట్టవాళ్ళు వచ్చి, "ఏం మంత్రీ, మనోళ్ళం గదా" అనేవాళ్ళు. నేనేమీ అనుకోకుండానే మణికట్టు దానంతటది కిందికి వంగేది. అంతకాలం వంటమాస్టరును తిట్టుకున్నందుకు ఒక్క క్షణం సిగ్గేసింది. రెండో క్షణానికి తర్వాతివాడు ప్లేటు చాపాడు.

సార్లంటే మాకప్పుడు వేరే జాతి. క్వార్టర్సులో వాళ్ళు రోజూ విందులు చేసుకుంటారని మా గట్టి నమ్మకం. ఇండెంటు మీద సంతకం కోసం ఒక రాత్రి లెక్కల సారు గదికి వెళ్ళాను. కొత్తగా వచ్చినాయన, పెళ్ళి కాలేదు. నైట్ స్టడీ డ్యూటీ, మెస్ డ్యూటీ, ఆదివారం అవుటింగ్ డ్యూటీ అన్నీ ఆయనవే. పెద్దసారు డ్యూటీ చార్టు రాసేటప్పుడు ఆయన గరిటె కూడా కొందరికి అడుగునుంచీ, కొందరికి పైపైనా తిరిగేదన్నమాట. గదిలో మంచం కింద నాలాంటి ట్రంకుపెట్టే, మంచం మీద నాలాంటి ప్లేటు. అందులో మధ్యాహ్నం నేను వడ్డించి పంపిన సాంబారు. నీళ్ళు.

ఆయన సంతకం పెట్టి, ట్రంకు తెరిచి, వాళ్ళమ్మ పంపిన నిమ్మకాయ ఊరగాయ నా చేతిలో ఒక బద్ద పెట్టాడు. నేను నాకుతుంటే గొంతు తగ్గించి, "రేపట్నుంచి నా గిన్నెలో కొంచెం అడుగునుంచి పోయించు అబ్బయా" అన్నాడు.

పోయించాను. నిమ్మకాయ బద్ద మీద ఒట్టు, ఎవరికీ చెప్పలేదు.

పదిహేడో రోజు ఆదివారం, కోడికూర. నాలుగు కాళ్ళు వరసగా మా డార్మిటరీ ప్లేట్లలోనే పడ్డాయి. క్రమశిక్షణ మంత్రి విజిల్ ఊది, మెస్సులోనే అవిశ్వాసం ప్రకటించాడు. మా ఉదయగిరి దుర్గాన్ని దించడానికి శ్రీకృష్ణదేవరాయలంతటివాడు 1513లో ముట్టడి మొదలుపెడితే 1514లో గానీ అది లొంగలేదు. నా ప్రభుత్వానికి అన్నం చల్లారేలోపే కాలం చెల్లిపోయింది. ఓట్లు లెక్కపెట్టింది లెక్కల సారే. అంకెలు చదివేటప్పుడు నావంక చూడలేదు, అచ్చం బస్సెక్కిన రోజు మా నాయనలాగే.

క్రమశిక్షణ మంత్రే కొత్త ఆహార మంత్రయ్యాడు. మర్నాడు రాత్రి స్టడీ అవర్లో నా పక్కనే కూచుని, పదవిలో ఉన్నవాడు ఎంత నిప్పులా ఉండాలో చాలాసేపు చెప్పాడు. నేను తల వంచుకుని విన్నాను. తల వంచుకోబట్టే వాడి లెక్కల నోటుబుక్కు కనబడింది. అట్ట మీద బొటనవేలంత ఎర్రటి నూనె మరక. నిమ్మకాయ వాసన.