ఏడాదికి పన్నెండట!

జనవరి వస్తే చాలు, ఈ కాలం పిల్లలు గోడకు కాగితం అంటిస్తారు. ఈ ఏడు పన్నెండు బట్టలు కుట్టాలి, బీరువాలో దాచిన గుడ్డే వాడాలి, కొత్తది కొనొద్దు, అందులో పాతకాలపు మోడళ్లు ఇన్ని ఉండాలి. మా మనుమరాలిదీ అదే వరస. అమెరికా నుంచి 1970ల నాటి కాగితపు నమూనాలు కూడా తెప్పించుకుంది. అక్కడ బటరిక్ అనే ఆయన సైజులవారీగా కత్తిరించిన కాగితాలను 1863 నుంచే అమ్మాడట. అమ్మితే అమ్మనీ. ఇంట్లో రైక కుట్టుకోవడానికి లక్ష్యం రాసుకోవడమేం ఖర్మ?

నేను పుట్టింది నల్లగొండ, మెట్టింది పాలమూరు. రెండుచోట్లా గుడ్డ ఇంటికొచ్చిందంటే తారీఖుతోనే వచ్చేది. ఉగాదికి లంగాలు, దసరాకు మగపిల్లల అంగీలు. పెత్తరమాస నాటికి రైక కాకపోతే పిల్ల పాతదానితోనే బతుకమ్మ ఆడాలె. ఇక ఆ ఏడుపు ఇల్లంతా వినాలె. గోడకు కాగితమెందుకు?

నమూనా అంటే మాకు ఆది రైకే. బాగా కుదిరిన పాతది ఒకటి సందుగలో ఉండేది. దాన్ని సగానికి మడిచి, గుడ్డ మీద పరిచి, అరిగిపోయిన సబ్బు పెంకుతో చుట్టూ గీత గీసి, చంక దగ్గర వేలెడు ఎక్కువ వదిలి కత్తెర పెట్టేవాళ్లం. పక్క కుట్ల లోపల బట్ట దాచేవాళ్లం. పిల్ల ఒళ్లు చేసినా, కాన్పయి వచ్చినా ఒక కుట్టు విప్పితే సరిపోయేది. ఇప్పుడు లోపల అంగుళం వదలాలన్నా ప్రాణం పోతుంది. మిగిలిందంతా కోసేసి ఓవర్‌లాక్ కొట్టేస్తారు. అన్నట్టు, మొన్న మనుమరాలు ‘వింటేజ్’ అని మురిపెంగా చూపించినవి బుట్ట చేతులు! మా పెళ్లి ఫొటోల నిండా అవే.

బీరువాలో గుడ్డ పేరుకోవడానికి కారణం ఒడిబియ్యాలు. ఒకప్పుడు ఒళ్లో పెట్టిన రైక ముక్క ఒంటి మీదికి వచ్చేది. ఇప్పుడు పెట్టేదంతా పాలియెస్టర్. కవరైనా విప్పకుండా ఒకరి ఒళ్లోంచి ఇంకొకరి ఒళ్లోకి పోతుంది. నేను పెట్టిన ముక్క దేవరకొండ, మిర్యాలగూడ తిరిగి నాకే వచ్చింది, మూలన నేను పెట్టిన పసుపు బొట్టుతో సహా.

మంచి గుడ్డ సంగతి ఇంకా అన్యాయం. పుట్టపాకలో తేలియా రుమాలు నేసేవాళ్లు నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి పదును చేస్తారు. దానికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక అందరూ కొనడం, ‘కోయడానికి మనసు రావట్లే’ అని దాచడం. దాచిన పట్టు సంగతీ అంతే, ఒకే మడతలో ఏళ్లపాటు ఉంచితే మడత దగ్గరే చిట్లుతుంది. అప్పుడు కోసే పనే ఉండదు!

తేలియా లాంటి ఇక్కత్‌కు కత్తెర పెట్టడం కూడా కాగితం చూసి వచ్చేది కాదు. ముందు ముక్క మీది పువ్వు పక్క కుట్టు దగ్గర వెనక ముక్కతో కలవాలె. దానికి గుడ్డ కాస్త ఎక్కువే పోతుంది. నూలు గుడ్డయితే ముందే తడిపి ఆరబెట్టాలె, లేకపోతే కుట్టాక ముడుచుకుంటుంది. ఎర్రది రంగు వదులుతుందేమో ఒక మూల తడిపి చూసుకోవాలె. ఇవేవీ ఆ గోడ మీది జాబితాలో లేవు. పన్నెండు అనే అంకె మాత్రం ఉంది.

ఆ అంకె గతి కూడా చెబుతాను. జనవరిది ఫిబ్రవరిలోకి, ఫిబ్రవరిది మేలోకి జరిగింది. మనుమరాలిని అడిగితే ఆఫీసులో పనంటుంది. బతుకమ్మ వాయిదా పడదు గదా! పన్నెండూ వద్దు బిడ్డా, పెత్తరమాసకు నీ దగ్గరున్న నారాయణపేట గళ్ల ముక్క కుట్టుకొని తొడుక్కొని రా అన్నాను.

“చేతులు ఎట్ల పెట్టాలె అమ్మమ్మా, బుట్ట చేతులేనా?”

ఎక్కడి బుట్ట చేతులు! వాటికి ఆ ముక్క చాలదు. ముందు తడిపి ఆరెయ్యి, పొడుగెంత మిగిలిందో కొలిచి ఫోన్ చెయ్యి.