నాలో పలికిన వీరభద్రరావు

నేను నాలుగు సెల్సుతో నడిచే ట్రాన్సిస్టర్‌ని. డెబ్బైల మొదట్లో తెనాలి బోసు రోడ్డులో నన్ను కొన్న రైల్వే గుమస్తాగారు కొట్టువాణ్ణి అడిగింది ఒక్కటే: "విజయవాడ శుభ్రంగా పలుకుతుందా?" 1948 డిసెంబరు 1న మొదలైన ఆ కేంద్రం దగ్గరే నా ముల్లు చాలావరకు నిలబడిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం నాటకం వేళకు ఇరుగుపొరుగు అరుగు మీదికి చేరేవారు. అందరూ ఎదురుచూసింది మామిడిపల్లి వీరభద్రరావు గొంతు కోసం. తూర్పుగోదావరి జిల్లాలో పుట్టి, బెజవాడ ఆకాశవాణిలో ఉద్యోగం చేసిన మనిషి. రేడియో నటుడికి మొహం అక్కరకు రాదు, చేతులు అక్కరకు రావు. కాగితం చప్పుడు కాకుండా తిప్పుతూ, మైకు ముందు నిలబడి, ఊపిరితోనే మనిషిని పుట్టించాలి. ఆయన గుక్కతిప్పుకోకుండా విసిరే మాటల్లో ఒక్క అక్షరం నలిగేది కాదు. హాస్యమంతా ఆ వేగంలో, ఆ వేగం టక్కున ఆగే చోట ఉండేది. ఆగిన ఆ అరక్షణంలోనే అరుగంతా నవ్వేది.

గుమస్తాగారికి బాపట్ల బదిలీ అయింది, తర్వాత రేపల్లె. నేనూ వెంటే.

1977 నవంబరు 19 రాత్రి ఉప్పెన వచ్చింది. దివిసీమ, రేపల్లె, బాపట్ల తీరాలు ఎంత గుండెకోత పడ్డాయో ఆ ప్రాంతంవాళ్ళకు చెప్పనక్కర్లేదు. కరెంటు లేదు. సెల్సు ఉన్నంతసేపూ వార్తల కోసం నా చుట్టూ జనమే. నోట మాట లేకుండా వినేవారు. అయినవాళ్ళను పోగొట్టుకున్న ఇల్లది. చాలా రోజుల తర్వాత ఓ ఆదివారం మళ్ళీ హాస్య నాటకం వచ్చింది. కోడలు నన్ను కట్టెయ్యబోయింది. "ఉండనీ అమ్మాయ్, ఆ అబ్బాయి గొంతు విననీ" అంది అత్తగారు. ఆమె నవ్వలేదు. చివరిదాకా కూర్చుని విన్నది. హాస్యగాడికి అంతకన్నా గౌరవం ఉంటుందని నేననుకోను.

1982లో మిత్రుడు జంధ్యాల తీసిన 'నాలుగు స్తంభాలాట'తో ఆయన సుత్తి వీరభద్రరావు అయ్యాడు. నటుడు సుత్తి వేలుతో జోడీ కుదిరింది. ఊరంతా ఆయన మొహం చూడ్డానికి హాలుకు పరుగెత్తింది. మా గుమస్తాగారి భార్య మాత్రం సినిమా చూసొచ్చి, "ఏమండీ, ఈయన మనకు ఎప్పటినించో తెలిసినవాడే" అంది. నిజమే. తెర మీద జనం చప్పట్లు కొట్టిన ఆ గుక్కను ఆయన ఏళ్ళ తరబడి మైకు ముందే సానబెట్టాడు.

1988లో, నలభై ఒక్కేళ్ళకే పోయాడు.

సినిమాలు ఉన్నాయి, ఈనాటి పిల్లలు ఫోన్లలో చూస్తున్నారు, సంతోషం. ఆ రేడియో నాటకాల టేపులు ఎక్కడ మిగిలున్నా బయటికి తీసి, ఆదివారం మధ్యాహ్నమే మళ్ళీ ప్రసారం చెయ్యాలని నా కోరిక. తెనాలిలో, బాపట్లలో, రేపల్లెలో వినేవాళ్ళు ఇంకా ఉన్నారు.