తుపాకీకి ఐదేళ్లు, టికెట్‌కి ఆరేళ్లు

ఇక్కడ ఛత్తీస్‌గఢ్‌లో, బిలాస్‌పూర్ పక్కనున్న కోనిలో పుట్టి పెరిగిన మన రైల్వే తెలుగు కుర్రాడికి ట్రాక్‌మన్ ఉద్యోగం వచ్చిందనుకోండి. చేతిలో అటెస్టేషన్ ఫారం పెడతారు. ఎప్పుడైనా అరెస్టయ్యావా, కేసు నడిచిందా, బైండోవర్ చేశారా, జరిమానా కట్టావా అని ఒకటే ఆరా. దాస్తే ఉద్యోగం ఊడుతుందని పైనే హెచ్చరిక. దోస్తు ఎక్కలేదని బండి చైను లాగి, రైల్వే కోర్టులో కట్టిన జరిమానా కూడా రాసి తీరాలి. సుత్తి, గడ్డపార చేతికివ్వడానికి సర్కారు పడే జాగ్రత్త ఇది. పోనీ గల్ఫ్‌కి పోదామా అంటే, కేసు పెండింగులో ఉంటే కోర్టు అనుమతి లేనిదే పాస్‌పోర్టు కదలదు.

అందుకే తమ్ముడూ, నా మాట విని రివాల్వర్‌కి దరఖాస్తు పెట్టు. .32 అడుగు, 9 ఎంఎం నిషిద్ధ బోరు, దాని జోలికి పోకు. వెంట దాచుకు తిరగడానికి అమెరికాలోని కొన్ని రాష్ట్రాల్లోలా వేరే లైసెన్సు అక్కర్లేదు.

నీ రికార్డు సంగతా? 1959 ఆయుధాల చట్టం, 9వ సెక్షన్ చదువుకో. హింసో, నైతిక పతనమో ఉన్న నేరంలో జైలుశిక్ష పడితే, శిక్ష ముగిశాక 5 ఏళ్లు ఆగాలి. అంతే. శాంతిగా ఉంటానని బాండు రాసిస్తే, ఆ బాండు గడువు తీరేదాకా ఆగాలి. కేసు ఇంకా నలుగుతోందా? అదొక్కటే చూపించి లైసెన్సు రద్దు చేయడం చెల్లదని హైకోర్టులు ఎన్నోసార్లు అన్నాయి. మన కోర్టుల్లో కేసు నలిగే వేగానికి రివాల్వరే ముందు తుప్పు పడుతుంది. తుపాకుల దేశమని మనం ఈసడించే అమెరికాలో, ఏడాదికి మించి జైలు పడదగ్గ నేరంలో దోషిగా తేలినవాడికి ఫెడరల్ చట్టం మామూలుగా జీవితాంతం తుపాకీ ముట్టనివ్వదు. పాపం, వాళ్లకి క్షమాగుణం తక్కువ.

కలెక్టరుగారు 14వ సెక్షన్ కింద నిన్ను అనర్హుడనవచ్చు, నిజమే. కానీ లైసెన్సుకి ప్రాణభయం ఉందని చెప్పుకోవాలి కదా, అక్కడ నీదే పైచేయి. వంచిన తల ఎత్తకుండా ఉప్పూ పప్పూ తూచే కిరాణా కొట్టాయనకు శత్రువులెక్కడి నుంచి వస్తారు? నలుగురిని తన్నినవాడికే కదా నాలుగు దిక్కులా ప్రాణగండం! తెలుగు జిల్లాల్లో రౌడీషీటర్ అనీ, ఇక్కడి ఠాణాల్లో నిగరానీ బద్మాష్ అనీ పిలిచే ఆ పెద్దమనిషి ఎఫ్‌ఐఆర్ నకళ్లు జతచేస్తే చాలు, అవసరం దానంతటదే రుజువవుతుంది.

ఇదంతా నా వెటకారం అనుకుంటే ఎన్నికల సంఘం ఆదేశాలు చూడు. పోలింగు ముందు ఎవరి లైసెన్సులు ప్రత్యేకంగా పరిశీలించాలో అందులో ఉంది: బెయిలు మీద ఉన్నవాళ్లు, నేరచరిత్ర ఉన్నవాళ్లు, దొమ్మీల్లో పాల్గొన్నవాళ్లు. అంటే వీళ్లందరి దగ్గరా లైసెన్సులు ఉన్నట్టే కదా! ఎన్నికల ముందు తుపాకీ ఠాణాలో జమ, ఫలితాలు వచ్చాక వాపసు. ఓట్ల లెక్కింపుతో నేరచరిత్ర కూడా కడుక్కుపోతుంది కాబోలు. 2019 సవరణలో మనిషికి 3 తుపాకుల నుంచి 2కి తగ్గించి కఠినంగా ఉన్నామన్నారు. అదే చేత్తో లైసెన్సు గడువు 3 ఏళ్ల నుంచి 5 ఏళ్లకు పెంచారు.

ఇంకో కిటుకు చెప్తా. రెండేళ్లో అంతకు మించో శిక్ష పడితే, విడుదలయ్యాక 6 ఏళ్లు పోటీ చేయకూడదని ప్రజాప్రాతినిధ్య చట్టం అంటుంది. తుపాకీకి 5, టికెట్‌కి 6. మధ్యలో ఏడాది చేతిలో ఉంటుంది. అనుచరుల్ని పోగుచేసుకోవడానికి ఆ మాత్రం చాలదూ? శిక్షే పడకపోతే ఆ ఆగడం కూడా లేదు. 2024లో గెలిచిన 543 మంది లోక్‌సభ సభ్యుల్లో 251 మంది తమ మీద క్రిమినల్ కేసులున్నాయని అఫిడవిట్లలో స్వయంగా రాసుకున్నారని ఎన్నికల నిఘా సంస్థ ఏడీఆర్ లెక్క తేల్చింది. నువ్వేం తక్కువ తిన్నావు?

నామినేషన్ రోజు ఆ అఫిడవిట్, అంటే ఫారం 26 తీసుకో. కేసుల కాలమ్‌లో కేసులు నింపు. ఆస్తుల కాలమ్‌లో బంగారం పక్కనే రివాల్వర్ రాయి, కొన్న ధరతో సహా. స్టాంపు వేయడానికి నోటరీ కలెక్టరాఫీసు గేటు దగ్గరే కూర్చుని ఉంటాడు.