లాప్‌టాప్ వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: “అన్నా, నా లాప్‌టాప్‌లో బాగానే వచ్చింది.”

అవతారిక: సాయంత్రం ఆరున్నరకు కార్యక్రమం. మండపంలో కుర్చీలు వేస్తున్నారు. ఆర్కెస్ట్రాలో మనుషులు చాలక వయొలిన్లనూ కోరస్‌నూ ముందే ట్రాకుగా చేసి తెచ్చారు. కీబోర్డు కుర్రాడిచ్చిన పెన్‌డ్రైవ్‌ను మిక్సర్ దగ్గరి పెద్దాయన పెట్టి చూస్తే చరణం మధ్యలో పాట తెగింది. అప్పుడు వెలువడిన వాక్యమిది. కర్త అజ్ఞాతుడు, ఊరికో ప్రతి దొరుకుతుంది. కొలిచెలమ మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ నియమం పెట్టుకున్నాడు. ప్రస్తుత వ్యాఖ్యాత అందులో మొదటి సగం పాటిస్తాడు.

అన్నా: సంబోధన ప్రథమా విభక్తి. గంట కిందటిదాకా ఇదే మనిషి “సార్”.

నా: షష్ఠి. ఇక్కడ సంబంధం కుర్రాడికీ లాప్‌టాప్‌కీ మాత్రమే కాదు, ఆ లాప్‌టాప్‌లో ఉన్న ప్లగిన్లకూ శాంపిళ్లకూ కూడా. ట్రయల్ ప్లగిన్లు కొన్ని ఉండుండి నిశ్శబ్దాన్నో బుస్సుమనే చప్పుడునో దూరుస్తాయి. శాంపిళ్లున్న హార్డ్ డిస్కును ఇంట్లో మరిచి వస్తే ఆ వాద్యం మూగబోతుంది. ఇక ఎక్స్‌పోర్టు చేసినా ఫైలు అసలే తయారు కాకపోతే డిస్కు నిండిందేమో చూడాలి. అదీ కాకపోతే విండోస్ కాపలాను అనుమానించాలి. కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ ఆన్‌లో ఉంటే, తాను నమ్మని సాఫ్ట్‌వేర్‌ను అది డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో రాయనివ్వదు. దాని కాపలా లేని ఫోల్డర్‌లోకి ఎక్స్‌పోర్టు చేస్తే పని జరుగుతుంది.

లాప్‌టాప్‌లో: సప్తమ్యర్థం, అధికరణం. వాక్యానికి ఆయువుపట్టు ఇదే కాబట్టి వ్యాఖ్యాత ఇక్కడ కాస్త కాళ్లు చాపుకుంటాడు.

పాట లాప్‌టాప్‌లో ఉన్నప్పుడు శాంపిల్ రేటు ఒకటి, బయట మరొకటి కావచ్చు. 44.1 కిలోహెర్ట్జ్ అన్నది 1980లో ఫిలిప్స్, సోనీ సంస్థలు సీడీకి రాసుకున్న కొలత. 48 వీడియోవాళ్ల కొలత. బెహ్రింగర్ ఎక్స్32 వంటి డిజిటల్ మిక్సర్ రెండింటిలో దేనిమీదైనా నడుస్తుంది. 44.1లో చేసిన ట్రాకును మార్పిడి లేకుండా 48 గడియారంతో నడిపితే పాట దాదాపు 9 శాతం వేగం పుంజుకుంటుంది. ఐదు నిమిషాల పాట 4 నిమిషాల 36 సెకన్లలో అయిపోతుంది. వేగంతో పాటు శ్రుతీ లేస్తుంది: ఒకటి శ్రుతిలో పాడవలసిన గాయకుడికి ట్రాకు ఒకటిన్నరకూ రెండుకూ నడుమ మోగుతుంది. హార్మోనియం మీద ఆ చోట మెట్టే లేదు.

శంక: ఫైలు తన రేటు తానే చెప్పుకుంటుంది కదా, పరికరం చూసి మార్చుకోదా?

సమాధానం: మామూలు ప్లేయర్లు మార్చుకుంటాయి. లాప్‌టాప్‌కు తగిలించిన ఆడియో కార్డును మిక్సర్ గడియారానికి కట్టేసినప్పుడు ఆ మర్యాద దక్కకపోవచ్చు. అందుకే మిక్సర్ ఎంతమీద నడుస్తోందో పెద్దాయన్ని ముందే అడిగి అదే రేటుకు ఎక్స్‌పోర్టు చేయడం పూర్వాచార్యుల పద్ధతి. ఎంపీ3 జోలికి పోకపోవడం కూడా. ఎంపీ3గా మార్చినప్పుడు పాట ముందు కొద్దిపాటి ఖాళీ చేరుతుంది. ఎన్‌కోడర్, డీకోడర్ కలిసి పాతిక మిల్లీసెకన్లో అంతకు మించో చేర్చగలవు. ఒక్క పాట వినేవాడికి అది తెలియదు. ప్యాడ్ మీద లూప్ నడిపేవాడికి ప్రతి ఆవర్తంలోనూ తాళం తొట్రుపడుతుంది.

బాగానే: ‘బాగా’కు అవధారణార్థకమైన ఏకారం చేరింది. నిశ్చయం ఎక్కువైనచోట సందేహించాలి. సాఫ్ట్‌వేర్ లోపల శబ్దం 32 బిట్ ఫ్లోట్‌గా తిరుగుతుంది కాబట్టి ఒక్కో ట్రాకు గీత దాటి ఎర్రబడినా చెల్లిపోతుంది. 24 బిట్ వేవ్‌గా రాసేటప్పుడు సున్నా డెసిబెల్‌ను దాటినదంతా తెగిపోయి, డప్పు దెబ్బ పగిలినట్టు వినిపిస్తుంది.

మరో కోణం: ఎడమ చానల్‌లో డ్రమ్మర్‌కు క్లిక్, కుడి చానల్‌లో జనానికి సంగీతం పెట్టడం ఆర్కెస్ట్రాల వాడుక. ఎక్స్‌పోర్టులో ‘మోనో’ టిక్కు పడి ఉంటే రెండూ కలిసిపోతాయి. మెలొడీ పాట వెనక మండపమంతా టిక్కు టిక్కు.

వచ్చింది: భూతకాల క్రియ. ఏది, ఎంతవరకు వచ్చిందో మూలం చెప్పదు. చరణం మధ్యలో తెగడానికి కారణం చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది. క్యూబేస్ సాఫ్ట్‌వేర్ ఎడమ కుడి లొకేటర్ల నడుమనున్నదే ఎక్స్‌పోర్టు చేస్తుంది. నిన్న రాత్రి ఒక చరణాన్ని తిప్పి తిప్పి విన్నవాడు లొకేటర్లను అక్కడే వదిలేస్తే ఆ చరణమే ఫైలవుతుంది. ఎఫ్ఎల్ స్టూడియోలో ‘కట్ రిమెయిండర్’ ఉంటే ఆఖరి స్వరం వెనకాల రివర్బ్ గొంతు నులిమినట్టు ఆగుతుంది. ‘లీవ్ రిమెయిండర్’ పెట్టుకోవాలి. ఎక్కడో సోలో నొక్కి మరిచిపోతే తబలా ఒక్కటే వస్తుంది.

వినేటప్పుడు సాఫ్ట్‌వేర్ పాటతో పాటే నడుస్తుంది. ఎక్స్‌పోర్టులో ఎంత తొందరగా వీలైతే అంత తొందరగా ముగిస్తుంది. డిస్కు నుంచి శాంపిళ్లు తోడుకునే వాద్యాలు కొన్ని ఆ పరుగందుకోలేక స్వరాలు వదిలేస్తాయి. మిడీతో మోగే బయటి కీబోర్డు సంగతైతే చెప్పనే అక్కర్లేదు. క్యూబేస్‌లోనూ లాజిక్‌లోనూ రియల్ టైమ్ ఎంపిక ఉంది. ఐదు నిమిషాల పాటకు ఐదు నిమిషాలూ పడుతుంది, నిజమే. అంతసేపూ పక్కన కూర్చుని వినక తప్పదు, అదీ మంచికే.

తాత్పర్యం: కుర్రాడు సాఫ్ట్‌వేర్‌లోని సెషన్ విన్నాడు. ఫైలును ఇంకా ఎవరూ వినలేదు.

విశేషం: అలంకారం స్వభావోక్తి. “తప్పు మీ మిక్సర్‌దేమో చూసుకోండి” అన్నది వ్యంగ్యార్థం. ఆనందవర్ధనుడు చెప్పిన ధ్వని వాక్యంలో దండిగా ఉంది. బాక్సుల్లోంచి రావలసిన ధ్వనే కొరవడింది.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో “నా లాప్‌టాప్‌లో” అన్నచోట “ఇంటిదగ్గర” అని ఉంది. సౌండువాళ్లు ఎక్కువగా భయపడేది ఈ పాఠానికే. ఇంటిదగ్గర బాగానే వచ్చిందంటే లాప్‌టాప్ ఇంటిదగ్గరే ఉందని అర్థం. లొకేటర్లు జరపడానికీ రేటు మార్చడానికీ ఇక్కడ సెషనే లేదు. ఇంట్లో తమ్ముడెవరైనా ఉంటే ఫోన్లో ఒక్కో బటనూ చెప్పి నొక్కించాలి.